ముందు మూట, ఆ తర్వాతే సైకిల్

సైకిల్ మీద దూర ప్రయాణం పెట్టుకున్నవాడికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: ముందు మంచి బండి కొనుక్కో, మిగతావి తర్వాత చూసుకోవచ్చు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో విజయవాడలోనో ఏ షోరూముకైనా వెళ్ళి, "ఓ ఇరవై రోజులు తిరగాలి, సామాను కట్టుకోవాలి" అని చెప్పి చూడండి. ముందు ఫోర్కులో స్ప్రింగులున్న బండి బయటికి లాగుతారు. 21 గేర్లంటారు. డిస్కు బ్రేకులు చూపిస్తారు. ఒంటిచేత్తో పైకెత్తి, ఎంత తేలికో మీరూ ఎత్తి చూడండి సార్ అంటారు. సామాను మాట మళ్ళీ కదిపితే, "దానికేముంది, క్యారియర్ ఒకటి బిగించేద్దాం" అని తేల్చేస్తారు. ఆదివారం ఆదివారం సైకిళ్ళు తొక్కే బృందాల్లో పెద్దలనిపించుకున్నవాళ్ళు చెప్పేదీ ఇదే. కాకపోతే అక్కడ కంపెనీల పేర్లు మారతాయి, ధర పక్కన ఇంకో సున్నా చేరుతుంది.

ఈ సలహాలో వరస తిరగబడింది. ఎంత బరువు మోయాలి, ఆ బరువు సైకిల్ మీద ఎక్కడ కూర్చోవాలి, దేనికి బిగియాలి, దాంతో ఏ ఎక్కుడు ఎక్కాలి? ఇవి తేలకుండా బండి కొనడమంటే ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టకుండా ఇల్లు కట్టడమే. దారిలో ఆగిపోయిన ప్రయాణాల్లో చాలావాటికి కారణం వెతికితే ఆ "క్యారియర్ ఒకటి బిగించేద్దాం" దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ముందు తేలిక బండి మహిమ చూద్దాం. మనిషి 70 కిలోలు, సైకిల్ 15, సామానూ నీళ్ళూ కలిపి 25. మొత్తం 110 కిలోలు. 15 కిలోల సైకిల్ బదులు 12 కిలోలది కావాలంటే ధర రెండింతలో మూడింతలో అవుతుంది. అంత డబ్బూ పోసి మనం తగ్గించుకున్నది మొత్తంలో మూడు శాతం కూడా లేదు. ఆ 3 కిలోలూ మూటలోంచి తీసెయ్యడానికి ఎంతవుతుంది? రెండో జీన్స్ ప్యాంటు, దళసరి టవలు, "సాయంత్రం వేసుకోవడానికి" పెట్టుకున్న బూట్లు, ఒక్క పేజీ అయినా తిరగెయ్యని లావుపాటి పుస్తకం. పైసా ఖర్చు లేదు. అయినా మూట విప్పమని ఏ షోరూమువాడూ చెప్పడు. మూట తగ్గితే అతనికి అమ్మకం ఏముంటుంది?

మూట ఎందుకు బరువెక్కుతుందో కూడా చెప్పుకోవాలి. సైకిల్ యాత్ర అనగానే మన కళ్ళ ముందుకొచ్చే బొమ్మ మనది కాదు. ఎడారి అంచునో మంచు కొండ కిందో గుడారం, దాని ముందు బుల్లి స్టవ్వు, పొగలు కక్కే కాఫీ కప్పు. ఆ బొమ్మను చూసి గుడారం, స్టవ్వు, గిన్నెలు, మడత కుర్చీ కొనేవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదెక్కడికి? 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆదిలాబాద్ నుంచి నిర్మల్, కామారెడ్డి, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారికి. ఆ దారిలో ఇడ్లీ దొరకని ఊరు వెతుక్కోవాలి. కోస్తాలోనైతే ప్రతి పుణ్యక్షేత్రంలో సత్రం, ప్రతి పట్నంలో లాడ్జీ. అక్కడ స్టవ్వు మోసేవాడు వంట మీద ప్రేమతో మోస్తుండాలి, లేదా ఫొటో కోసం. మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారి వేరు. అక్కడ 5,000 మీటర్లు దాటిన కనుమలున్నాయి, ఊరూ పేరూ లేని దూరాలున్నాయి, వేసవిలో కూడా రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. అక్కడ గుడారం, మందపాటి పడక సంచి ఉండాల్సిందే. ఈ రెండు దారులకూ ఒకే జాబితా చదివేవాళ్ళను నమ్మకూడదు. మన వేసవిలో మహబూబ్‌నగర్ పక్క తిరిగేవాడికి స్టవ్వు కన్నా ఇంకో 2 లీటర్ల నీళ్ళు ముఖ్యం. నీళ్ళంటే లీటరుకు కిలో బరువు. ఆ చోటు ముందే అట్టిపెట్టుకోవాలి.

"పాతకాలంలో ఇవేవీ లేకుండానే తిరిగారు కదా" అనే వర్గం ఒకటుంది. షోరూము వర్గానికి వీళ్ళు పూర్తిగా ఎదురు, కానీ తప్పు చెయ్యడంలో సమానం. వాళ్ళు చూపే ఉదాహరణలు నిజమైనవే. 1923లో బొంబాయి నుంచి బయల్దేరిన పార్సీ యువకుల బృందంలో ముగ్గురు, ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గారా, ప్రపంచం చుట్టి 1928లో తిరిగొచ్చారు. ఐర్లండ్ నుంచి డెర్వ్‌లా మర్ఫీ 1963 జనవరి మంచులో బయల్దేరి, ఇరాన్, అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్ దాటుకుని ఆ ఏడాది జులైలో ఢిల్లీ చేరింది. ఆమె సైకిల్ 17 కిలోల దాకా బరువున్న మామూలు ఉక్కు బండి. దానికున్న మూడు గేర్ల డిరైలర్‌ను, అంటే గొలుసును ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చే పరికరాన్ని కూడా, ఆసియా రోడ్ల మీద నిలవదని ముందే పీకించేసింది. ఇంతవరకూ చెప్పి, "చూశారా, మన నల్ల సైకిల్ చాలు" అని ముగిస్తారు. ఆమె కనుమల దగ్గర సైకిల్‌ను నెట్టుకుంటూ, ఒక్కోచోట మోసుకుంటూ దాటిందన్న సంగతి చెప్పరు. టైర్లు ఎక్కడ అరుగుతాయో ముందే లెక్కేసి, దారిలోని ఊళ్ళకు విడి టైర్లు పంపి ఉంచిందనీ చెప్పరు. మర్ఫీ దగ్గర నేర్చుకోవాల్సింది ఆ లెక్క. గేర్లు లేకపోవడం గొప్ప అనుకుంటే ఘాట్ రోడ్డు మీద మోకాళ్ళే సమాధానం చెబుతాయి.

గేర్ల గురించిన ఈ పౌరుషం చాలా పాతది. ఫ్రాన్స్‌లో సాంతెతియెన్ అనే ఊళ్ళో వెలోసియో అనే కలం పేరుతో పత్రిక నడిపిన పాల్ ద వివీ, కొండ దారుల్లో యాత్రలు చేసేవాళ్ళకు గేర్లు కావాలని ఏళ్ళ తరబడి పోరాడాడు. టూర్ ద ఫ్రాన్స్ పందెం మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ అవన్నీ వయసు మళ్ళినవాళ్ళ సరంజామా అని తీసిపారేశాడు. ఆ పందెంలో డిరైలర్‌ను అనుమతించింది 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్ళయింది. పందెగాళ్ళకన్నా ముందు గేర్ల విలువ తెలిసింది యాత్రికులకే. ఈనాడు మనవాళ్ళు యాత్రకు బండి కొంటూ పందెగాళ్ళ సలహా అడుగుతున్నారు.

ఇంతకీ 21 గేర్లంటే ఏమిటి? ముందు మూడు పళ్ళ చక్రాలు, వెనక ఏడు. ఆ అంకె మనకేమీ చెప్పదు. అడగాల్సింది ఒక్కటే: అన్నిటికన్నా చిన్న గేరు ఎంత? ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనక పెద్ద చక్రానికి ఎన్ని? ముందు 28, వెనక 28 అయితే, 26 అంగుళాల చక్రమున్న సైకిల్ పెడల్ ఒక చుట్టు తిప్పినప్పుడు రెండు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. ముందు 22, వెనక 34 అయితే 1.3 మీటర్లు. తేడా చిన్నగా కనిపిస్తుంది. నూటికి ఎనిమిది చొప్పున లేచే ఎక్కుడులో, మన 110 కిలోలతో, నిమిషానికి 60 చుట్లు తొక్కుతూ పోవాలంటే మొదటి దానికి 180 వాట్ల శక్తి కావాలి, రెండో దానికి 115 చాలు. ఓ మోస్తరు అలవాటున్న మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది నూరుకు కాస్త అటూ ఇటూ. అంటే మొదటి బండి మీద పది నిమిషాల్లో దిగి నెట్టడమే, రెండో దాని మీద గంటకు అయిదు కిలోమీటర్ల లోపే అయినా కూర్చునే పైకి చేరతాం. శృంగవరపుకోట దాటాక అనంతగిరి మీదుగా అరకుకు వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కుడుంది. నర్సీపట్నం నుంచి లంబసింగికీ, దోర్నాల నుంచి శ్రీశైలానికీ ఘాట్ రోడ్లే. "గంటకు అయిదు కిలోమీటర్లా, నడిచినా అంతే కదా" అని నవ్వేవాళ్ళు 25 కిలోల సామానున్న సైకిల్‌ను నెట్టుకుంటూ ఒక్క మలుపు నడిచి చూడాలి.

ఇక ముందు ఫోర్కులో స్ప్రింగులు. దీని మీద ఉన్నంత భక్తి మరే భాగం మీదా లేదు. మన రోడ్లు బాగుండవు, నిజమే. కానీ మామూలు ధరల సైకిళ్ళకు వచ్చే స్ప్రింగు ఫోర్కు ఒక్కటే 2 కిలోల పైన తూగుతుంది. లేచి నిలబడి తొక్కితే మన శక్తిలో కొంత ఆ స్ప్రింగు మింగేస్తుంది. ముందు వైపు క్యారియర్ బిగించడానికి దానికి బెజ్జాలుండవు. అన్నిటినీ మించి, బరువంతా ఉండేది వెనక. అక్కడ ఏ స్ప్రింగూ లేదు. గోతిలో పడ్డ దెబ్బ పూర్తిగా తినేది వెనక రిమ్ము. ఆ దెబ్బ కాయడానికి 2 అంగుళాల వెడల్పు టైరు, అందులో సరిపడా గాలి చాలు. వెనక కాస్త గట్టిగా, ముందు కాస్త మెత్తగా, టైరు పక్కన అచ్చేసిన పరిమితి దాటకుండా. డిస్కు బ్రేకుల మీద నాకు పేచీ లేదు. బరువుతో ఘాట్ దిగుతున్నప్పుడు రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే భయం వాటితో ఉండదు. క్యారియర్ కాలు ఆ బ్రేకుకు అడ్డం పడకుండా బిగుస్తుందో లేదో కొనేముందే చూసుకుంటే చాలు.

అసలు కథ వెనక చక్రం దగ్గరుంది. షోరూములో దాని గురించి మాట్లాడేవాడు ఒక్కడూ దొరకడు. ఖాళీ సైకిల్ ఎక్కి కూర్చున్నా మన బరువులో సగానికి పైగా వెనక చక్రం మీదే పడుతుంది. ఆరు పాళ్ళు వెనక, నాలుగు పాళ్ళు ముందు అనుకుందాం. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోల్లో 51 వెనకే. ఇప్పుడు "క్యారియర్ ఒకటి బిగించేద్దాం" సూత్రం ప్రకారం 25 కిలోలూ వెనకే కడితే, 110లో 76 ఒక్క చక్రం మీదికెళ్ళాయి. దానికి తోడు వెనక చక్రం సమంగా అల్లింది కాదు. గేర్లకు చోటివ్వడానికి కుడి వైపు స్పోకులు నిటారుగా, బిగువుగా ఉంటాయి, ఎడమవి వదులు. స్పోకు తెగేది నడిమధ్యలో కాదు, హబ్బు దగ్గర వంపులో. బరువు ఎక్కువై ఒక్కసారిగా తెగడం అరుదు. బిగువు చాలనప్పుడు చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ వంగి లేచి, వంగి లేచి, ఒకరోజు టప్పుమంటుంది. అదీ ఎక్కువగా గేర్ల వైపే. దాన్ని మార్చాలంటే ముందు గేర్ల గుత్తి ఊడదీయాలి, దానికి వేరే పనిముట్టు కావాలి. నల్ల సైకిళ్ళు బాగుచేసే మెకానిక్ దగ్గర అది సాధారణంగా ఉండదు.

ఇంకో సంగతి. చవక 21 గేర్ల బండ్లలో చాలావాటికి వెనక గేర్లు మరతో బిగించే ఫ్రీవీల్ మీద ఉంటాయి. ఏడు పళ్ళ చక్రాలకు చోటివ్వడం కోసం కుడి వైపు బేరింగు లోపలికి జరిగిపోతుంది. బేరింగు నుంచి ఫ్రేము దాకా ఇరుసు ఏ ఆధారమూ లేకుండా ఉంటుంది. బరువుతో నాలుగు గోతులు దాటితే అది వంగుతుంది, విరగడమూ ఉంది. గేర్ల గుత్తిని మరతో కాకుండా పైనుంచి తొడిగే క్యాసెట్ హబ్బులో బేరింగు బయటి అంచు దాకా వస్తుంది కనుక ఈ గొడవ ఉండదు. కాబట్టి "ఎన్ని గేర్లు" అని అడిగేముందు "ఫ్రీవీలా, క్యాసెట్టా" అని అడగండి. వెనక చక్రానికి 36 స్పోకులుంటే మేలు, 32 ఉంటే సర్దుకోవచ్చు, 24 ఉంటే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. కొన్నాక, చెయ్యి తిరిగిన మెకానిక్ చేత బెండు తీయించి, స్పోకులన్నీ సమంగా బిగింపించుకోవడం ఆ సైకిల్ మీద పెట్టే ఖర్చులన్నిట్లోకీ విలువైనది. నాలుగు విడి స్పోకులు, కుడి వైపువీ ఎడమ వైపువీ కొలత సరిచూసుకుని, ఫ్రేముకు టేపుతో చుట్టేసుకోండి.

క్యారియర్ విషయానికొస్తే, సీటు రాడ్డుకు బిగించే రకం దాదాపు 10 కిలోలకే పరిమితం. ఆ పరిమితి దాని మీదే అచ్చేసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఫ్రేముకు బెజ్జాలు లేని బండి కొనిపించిన షోరూమువాడు చివరికి బిగించేది దాన్నే. కావాల్సింది ఇరుసు పక్కన ఫ్రేముకు కాళ్ళు ఆనించి నిలబడే గట్టి క్యారియర్. వెనక ఫ్రేము పొట్టిగా ఉన్నా కష్టమే. తొక్కుతున్న ప్రతి చుట్టుకూ మడమ సంచికి తగులుతుంది. సంచిని వెనక్కి జరిపితే బరువు ఇరుసు దాటి వెనక్కి వేలాడుతుంది. దిగుడులో వేగం అందుకోగానే హ్యాండిల్ వణకడం మొదలవుతుంది. ఒకసారి వణికాక బ్రేకు గట్టిగా పట్టాలనిపిస్తుంది, పట్టకండి. మోకాళ్ళతో ఫ్రేము పై రాడ్డును గట్టిగా నొక్కి, మెల్లగా వేగం తగ్గించాలి. ఆ తర్వాత ఆగి, మూట మళ్ళీ కట్టుకోవాలి.

బరువు ఎక్కడుండాలో తెలుసుకోవడానికి విదేశీ పుస్తకాలు అక్కర్లేదు. ఊళ్ళో పాలు పోసే అతని సైకిల్ చూడండి. క్యాన్లు రెండు వైపులా సమంగా, కిందికి, ఇరుసుకు దగ్గరగా వేలాడతాయి. అవి క్యారియర్ మీద నిలబెడితే మొదటి మలుపులోనే పాలు నేలపాలని అతనికి తెలుసు. మన యాత్రికుడు మాత్రం పడక సంచి, గుడారం, దాని మీద తడి బట్టలు, ఆ పైన ఇంకో సంచి, గోపురంలా పేర్చి సాగే తాళ్ళతో కట్టేస్తాడు. మిగిలింది వీపుకు తగిలించుకుంటాడు. వీపున 8 కిలోలు మోస్తే ఆ బరువంతా చివరికి సీటు మీద కూర్చున్న ఎముకల మీదికీ అరచేతుల మీదికీ దిగుతుంది. సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కి గేరు మార్చడం కూడా కష్టమవుతుంది.

పక్క సంచుల గురించి కూడా భయపెట్టేవాళ్ళున్నారు, విదేశీ సరుకైతేనే నీళ్ళు దిగవని. ఆ విదేశీ సరుకు ఎలా పుట్టింది? జర్మనీలో హార్ట్‌ముట్ ఓర్ట్‌లీబ్ ఇంగ్లండ్ వానలో సైకిల్ యాత్ర చేస్తూ తడిసి, పక్కనుంచి పోతున్న లారీ మీది టార్పాలిన్ చూసి, అదే గుడ్డతో సంచి కుట్టాడు. 1982లో పెట్టిన కంపెనీ అలా మొదలైంది. అవి బాగుంటాయి, స్తోమతుంటే కొనండి. లేకపోతే లారీలు ఆగే ఏ ఊళ్ళోనైనా టార్పాలిన్ కుట్టేవాళ్ళున్నారు. మూడు సంగతులు పట్టుబట్టి చేయించుకోవాలి. సంచి వెనక గట్టి పలక, లేకపోతే సంచి చక్రంలోకి దూరుతుంది. కింద కొక్కెం, లేకపోతే గోతిలో ఎగిరి ఊడొస్తుంది. ముందు కింది మూల మడమ తగలకుండా వాలుగా కోత. లోపల బట్టలు ఎలాగూ పాలిథిన్ కవర్లో పెడతాం.

క్యారియరే వద్దు, సీటు కిందా హ్యాండిల్‌కూ ఫ్రేము మధ్యా సంచులు కట్టేస్తే చాలన్నది కొత్త మతం. బాంఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా సాగే టూర్ డివైడ్ లాంటి పందేల నుంచి వచ్చింది. రాళ్ళ దారిలో రాత్రింబవళ్ళు పరుగెత్తేవాడికి, ఒక జత బట్టలతో బతికేవాడికి అది సరైనదే. ఇంటి సామాను సగం తెచ్చుకున్నవాడు దాన్ని అనుకరిస్తే సీటు కింద సంచి తోకలా ఊగుతూ ఉంటుంది.

టైరు సైజు దగ్గర కూడా షోరూము లెక్క, దారి లెక్క వేరు. హైబ్రిడ్ అని అమ్మే బండ్ల 700సీ చక్రాన్ని కూడా 28 అంగుళాలనే అంటారు, నల్ల సైకిల్ చక్రాన్నీ 28 అంటారు. ఒకదాని రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లు, రెండోదానిది 635. ఒకదాని టైరు రెండోదానికి పట్టదు. చిన్న మండల కేంద్రంలో 700సీ టైరు అడిగితే తెల్లమొహం వేస్తారు. పల్లెల్లో పిల్లలు రేంజర్ సైకిల్ అని తొక్కే బండ్ల 26 అంగుళాల లావు టైరైతే ఎక్కడో ఒకచోట వేలాడుతూ కనిపిస్తుంది. దాని ట్యూబుకు మోటారు సైకిల్‌కు ఉండే వాల్వే ఉంటే పెట్రోలు బంకులోనూ గాలి కొట్టించుకోవచ్చు. సన్న వాల్వైతే జేబులో ఎడాప్టర్ ఉండాలి.

ఇంత చెప్పాక, "నేను ఇప్పటికే కొనేశానే" అనేవాళ్ళుంటారు. అమ్మెయ్యమని అనను. ముందు తీసుకెళ్దామనుకున్నదంతా నీళ్ళ సీసాలతో సహా మంచం మీద పరవండి. దాన్ని మూటగట్టి బియ్యం కొట్టు కాటా మీద పెట్టించండి. అంకె కాగితం మీద రాసుకుని, సగం బట్టలు తీసి మళ్ళీ తూచండి. బరువైనవి, అంటే పనిముట్లు, ఛార్జర్లు, తాళం గొలుసు, సంచుల అడుగున రెండు వైపులా సమంగా. వానకోటు అన్నిటికన్నా పైన. నీళ్ళు ఫ్రేము మధ్యలో. స్ప్రింగు ఫోర్కుకు లాకుంటే వేసెయ్యండి. ఫోర్కును మార్చగలిగితే బెజ్జాలున్న మామూలు ఉక్కు ఫోర్కు వేయించి, మూటలో మూడో వంతు ముందుకు తరలించండి. వెనక ఫ్రీవీల్ అయితే క్యాసెట్ హబ్బుతో 36 స్పోకుల చక్రం అల్లించుకోండి. ముందు చిన్న చక్రం 22 పళ్ళది వేయించండి, పట్టేలా ఉంటే. తర్వాత సామానంతా కట్టి, దగ్గర్లో ఉన్న ఏదో ఒక ఎక్కుడు దాకా వెళ్ళి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున్నే రండి. వచ్చాక క్యారియర్ బోల్టులన్నీ ఒక్కొక్కటే పట్టి చూడండి. వాటిలో ఒకటి రెండు తప్పకుండా వదులై ఉంటాయి. వాటికి లోపల నైలాన్ రింగున్న నట్లు వేయించుకుని, అదే కొలత బోల్టులు నాలుగు జేబులో వేసుకుంటే అప్పుడు బయల్దేరవచ్చు.